మాట రాదన్నావు కదా, తల్లీ

చిట్టితల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న రాత్రి ఫోను పెట్టేసిన దగ్గర నుంచి నా మనసు నీ మీదే ఉంది. ఎన్నికల్లో మీ వార్డులో పని చేయాలని ఉంది, నిలబడిన మనిషి మీద నమ్మకం ఉంది, కానీ నలుగురిలో నోరు పెగలదు, కొత్త గడప ముందు నిలబడితే గొంతు ఎండిపోతుంది అన్నావు. "నాలాంటివాళ్లు ఓటు వేసి ఇంట్లో కూర్చుంటే చాలదా పెద్దమ్మా" అని కూడా అన్నావు. చాలదు తల్లీ. నీలాంటివాళ్లు ఇంట్లో కూర్చోబట్టే, గట్టిగా అరిచేవాళ్లు చెప్పిందే ఊరి మాటగా చెల్లుబాటవుతోంది.

మన జిల్లాలో ఆడవాళ్లు, రాజకీయం అనగానే అందరూ మల్లు స్వరాజ్యం గారినే తలుచుకుంటారు. చిన్న వయసులోనే సాయుధ పోరాటంలోకి దిగి, పాటతో, మాటతో ఊళ్లను కదిలించి, 1978లో, 1983లో తుంగతుర్తి నుంచి శాసనసభకు గెలిచిన మనిషి. అలాంటి గొంతు కోటికొకరికి వస్తుంది. ఆమెతో పోల్చుకుని వెనకడుగు వేయకు. నాకు ధైర్యం ఇచ్చింది వేరే సంగతి.

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. ఎముకలను వంచేసే మన ఫ్లోరైడ్ నీళ్ల గోస దేశానికి తెలియాలని జల సాధన సమితి వేయించిన నామినేషన్లు అవి. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. ఆ వందల మందిలో ఎంతమంది మైకు పట్టి ఉంటారు? కాగితం మీద పేరు రాసి సంతకం పెట్టారు, అంతే. మన నీళ్ల గురించి ఢిల్లీలో మాట్లాడుకునేలా చేశారు. అప్పటికి నేను కుట్టు మిషను ముందు తల వంచుకుని కూర్చుని, జాకెట్ల కొలతలు తప్ప ఎవరితో ఏమీ మాట్లాడనిదాన్ని. ఆ వార్త విన్న రోజున మొదటిసారి అనిపించింది, నా వంతు కూడా ఏదో ఉందని.

నువ్వు గడపల దగ్గర మొదలుపెట్టకు. ఓటర్ల జాబితాతో మొదలుపెట్టు. మీ పోలింగ్ కేంద్రం జాబితా తెచ్చుకుని, మీ ఇంటి నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క పేరు చదువు. ఎవరు చనిపోయారు, ఎవరు అత్తవారింటికి వెళ్లారు, ఎవరి పేరు రెండుసార్లు పడింది, ఏ ఇంట్లో పిల్లకు పద్దెనిమిది నిండినా పేరు ఎక్కలేదు, అన్నీ పెన్సిలుతో గుర్తు పెట్టుకో. ఇప్పుడు జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీల్లో ఏ నాటికి పద్దెనిమిది నిండినా ఓటుకు అర్హతే. ఆ పిల్ల చేత ఫారం 6 నింపించు, తప్పు పడిన పేరుకు ఫారం 8. ప్రచారంలో ఇంతకంటే విలువైన పని లేదని నా నమ్మకం. వారం రోజులు ఆ జాబితాతో కూర్చుంటే, వీధిలో అందరి పేర్లూ నోటికి వస్తాయి. పేరు తెలిసిన మనిషి ముందు నిలబడటానికి సగం భయమే ఉంటుంది.

ఆ తర్వాత, మాట తీరు తెలిసిన ఒకరి పక్కన వెళ్లు. మొదటి రెండు రోజులు చీటీలు ఇవ్వడం, రాసుకోవడం నీ పని. మూడో రోజు వీధి చివరి పది ఇళ్లు నువ్వే పలకరించు. అరుగు దగ్గరే ఆగు, పిలిచే వరకు లోపలికి వెళ్లకు, నీళ్లిస్తే తాగు. వరస కలిపి అత్తా, వదినా, బాబాయ్ అని పిలువు. "మీ ఇంట్లో ఎన్ని ఓట్లు?" అన్న ప్రశ్నతో మాత్రం మొదలుపెట్టకు. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, మనుషులను లెక్కపెట్టే పద్ధతి అది. నల్లా నీళ్లు ఏ వేళకు వస్తున్నాయి, పింఛను అందిందా అని అడుగు. తక్కువ మాట్లాడేవాళ్లు బాగా వింటారు. ఐదేళ్లకోసారి వచ్చేవాళ్లు చెప్పిపోవడమే కానీ, నిలబడి వినడం మనవాళ్లు చాలా తక్కువగా చూశారు.

వేళ కూడా చూసుకో. పత్తి తీసే రోజుల్లో మా వైపు పొద్దున ఎనిమిది దాటితే ఇంట్లో ముసలివాళ్లు తప్ప ఎవరూ ఉండరు. ఎండాకాలమైతే ఉపాధి హామీ పని దగ్గరకే పొద్దున్నే వెళ్లాలి. పాలమూరు వైపు పని చేసే నీ స్నేహితులకు చెప్పు, అక్కడ చాలా ఓట్లు ముంబయిలోనో పుణెలోనో కూలి పనిలో ఉంటాయి. వాళ్లకు ఫోను చేయాల్సిందే. ఫోను చేసే ముందు మొదటి వాక్యం కాగితం మీద రాసుకుని ఎదురుగా పెట్టుకోవాలి. నేను ఇప్పటికీ అలాగే చేస్తాను.

ఎదురు తిరిగి అడిగేవాళ్లు ఉంటారు. మర్రిగూడ మండలంలో ఒక ఇంటి ముందు మంచం మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. నేను పిలిస్తే మెడ తిరగక, మంచం పట్టె పట్టుకుని ఒళ్లంతా తిప్పి నా వైపు చూశాడు. మోచేతులు చాపలేక టీ గ్లాసును రెండు మణికట్ల మధ్య ఇరికించుకుని తాగుతున్నాడు. "ఇన్ని ఎన్నికలు చూశాను. నా ఎముకలు నిటారు చేసేవాడు ఎవడన్నా ఉన్నాడా మీ దాంట్లో?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. "లేడు తాతా" అన్నాను. ఆయన పింఛను కాగితం ఎక్కడ ఆగిందో అడిగి రాసుకున్నాను. మర్నాడు మండల ఆఫీసుకు వెళ్లి కనుక్కుని, సాయంత్రం మళ్లీ వెళ్లి చెప్పాను. పింఛను ఇంకా రాలేదు, ఎక్కడ ఆగిందో మాత్రమే తెలిసింది. అయినా ఆయన పక్కింటివాళ్లను కూడా పిలిచి నన్ను కూర్చోబెట్టాడు. తెలియనిదాన్ని తెలియదని చెప్పి, మర్నాడు తిరిగి వెళ్లు. అది నోరు గలవాళ్లు చాలామంది చేయని పని.

సభలో మాట్లాడమన్న రోజు వస్తుంది. నేను మొదటిసారి మైకు ముందు నిలబడినప్పుడు కాగితం వణికి అక్షరాలు కనపడలేదు. కాగితం మడిచి, "ఈ బోరు నీళ్లు నేను ఇరవై ఏళ్లు మోశాను. చూడటానికి తేటగానే ఉంటాయి. మా అత్తగారి నడుము వీటితోనే వంగింది. మా మనవలకు వద్దు" అని చెప్పి దిగిపోయాను. నిమిషం కూడా పట్టలేదు. నువ్వూ అంతే చెప్పు. నీ కళ్లతో చూసింది, నాలుగు వాక్యాలు. రాష్ట్రం గురించి, దేశం గురించి చెప్పడానికి వేరేవాళ్లు ఉన్నారు. చేతులు వణికితే వణకనివ్వు, మైకు స్టాండు పట్టుకో.

అన్నిటికంటే కష్టమైన మాట బయటివాళ్లతో కాదు, మనవాళ్లతోనే. పోలింగుకు ముందు రెండు రోజుల్లో ఎవరో ఒకరు కవర్లు చేతిలో పెట్టి, "నువ్వు నెమ్మదైన పిల్లవు, ఎవరికీ అనుమానం రాదు, ఆ నాలుగు ఇళ్లకు ఇచ్చి రా" అంటారు. నన్ను కూడా అడిగారు. ఆ ఒక్క వాక్యం మాత్రం ఇప్పుడే అద్దం ముందు నిలబడి అలవాటు చేసుకో: "అన్నా, ఈ పని నేను చేయను." కారణాలు చెప్పకు, వాదన పెట్టుకోకు. ఓటుకు డబ్బు ఇవ్వడం చట్టం ప్రకారం నేరం, ఆ సంగతి వాళ్లకూ తెలుసు. నీ నెమ్మదితనాన్ని ఎవరూ అలా వాడుకోకూడదు తల్లీ, నాకు అదే భయం.

శాసనసభ, లోక్‌సభ ఎన్నికలప్పుడైతే మన అభ్యర్థి తరఫున పోలింగ్ ఏజెంటుగా కేంద్రంలో కూర్చో. నిన్ను ఏజెంటుగా పెట్టుకున్నట్టు రాసే ఫారం 10 మీద అభ్యర్థి సంతకం చేయించుకుని, పోలింగు మొదలయ్యే గంటన్నర ముందే కేంద్రంలో ఉండాలి. అప్పుడు కనీసం యాభై ఓట్లతో నమూనా పోలింగు జరుపుతారు. లెక్క సరిపోయిందా, ఆ తర్వాత యంత్రంలో ఆ ఓట్లు తుడిచేశారా, సీళ్లు సరిగ్గా పడ్డాయా అని చూడాలి. రోజంతా ఓటు వేసినవాళ్ల పేర్లు నీ జాబితాలో కొట్టేసుకుంటూ ఉండాలి. దొంగ ఓటని అనుమానం వస్తే రెండు రూపాయలు కట్టి, "అయ్యా, ఈ ఓటు మీద నాకు అభ్యంతరం ఉంది" అని అధికారితో చెప్పాలి. పర్సులో చిల్లర ఉంచుకో. ముగిశాక, పోలైన ఓట్ల లెక్క రాసే ఫారం 17సి నకలు తీసుకోనిదే లేవకు. పన్నెండు గంటలు ఓపికగా, కన్నార్పకుండా కూర్చునే పని అది. నీకు కుదిరినంతగా చాలామందికి కుదరదు.

ఇంటికి వచ్చాక ఎవరితోనూ మాట్లాడాలనిపించకపోతే మాట్లాడకు. తలుపు దగ్గరకు వేసుకుని గంట పడుకో. మనుషుల మధ్య తిరిగితే అలసిపోవడం నీ తప్పు కాదు. మీ అమ్మకు నేను చెబుతాను, ఆ గంట నిన్ను పిలవద్దని.

ఆదివారం మొదటి బస్సుకు రా. మీ కేంద్రం జాబితా, రెండు పెన్సిళ్లు తెచ్చుకో. పొద్దున జాబితా చూద్దాం, సాయంత్రం మా వీధిలో పది ఇళ్లకు నా వెంట వద్దువు గాని. మొదటి తొమ్మిది నేను పలకరిస్తాను. పదోది మా వియ్యపురాలి ఇల్లు, అక్కడ నువ్వు మొదలుపెట్టాలి.

ఇట్లు,
నీ పెద్దమ్మ