పుస్తకంల ఉన్న ఫోల్డరు లాప్‌టాప్‌ల లేదు

ప్రశ్న: సార్, మాది దేవరకొండ దగ్గర ఊరు, నల్లగొండల డిగ్రీ సెకండియర్ చదువుతున్న. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుందామంటే మా అన్న కోఠీల సెకండ్‌హ్యాండ్ పుస్తకం ఒకటి తెచ్చిచ్చిండు. దాంట్ల పైథాన్ 2.7 ఎక్కించి, పాత్‌ల (ప్రోగ్రాములను విండోస్ వెతికే ఫోల్డర్ల లిస్టుల) సీ డ్రైవ్ పైథాన్27 ఫోల్డర్ పెట్టమని ఉంది. కొత్తదైతే మంచిది గదా అని లేటెస్ట్‌ది దించిన, మాది విండోస్ 7, ఎక్కనే ఎక్కలె. దోస్తు లాప్‌టాప్‌ల ఎక్కింది గానీ ఆ ఫోల్డర్ ఏడ వెతికినా లేదు, మొదటి ప్రోగ్రామ్‌కే ఎర్రర్ వచ్చింది. పుస్తకం పారెయ్యాల్నా, లాప్‌టాప్ మార్చాల్నా?
– ఒక విద్యార్థి

జవాబు: రెండూ వద్దు తమ్మీ. ఇట్లాంటి పుస్తకాలల్ల అన్నిటికంటే ముందు పాతవడేది ఇన్‌స్టాల్ చేసుడు చెప్పే పేజీలే. చింతచెట్టు కాడ దిగమని దారి చెప్తరు సూడు, ఆ చెట్టు కొట్టేసి కాంప్లెక్స్ కట్టినంక దిగేటోడు ఏం జెయ్యాలె? లూపులు, ఫంక్షన్లు, లిస్టులు చెప్పిన పాఠాలు మాత్రం ఇంకా చానా మట్టుకు పనికొస్తయి.

పైథాన్ 2 కు సపోర్ట్ 2020 జనవరి 1 తోని బందైంది, నీ విండోస్ 7 కు కూడ అదే నెల 14 న బందైంది, అంటే నీ పుస్తకం, నీ లాప్‌టాప్ ఒక్క ఈడువే అనుకో. పైథాన్ 3.9 నుంచి విండోస్ 7 మీద ఎక్కదు, అందుకే నీకు కావాల్సింది 3.8.10. పైథాన్ డాట్ ఆర్గ్‌ల పైనే కనవడే పెద్ద బటన్ ఒత్తకు, అది లేటెస్ట్‌దే ఇస్తది, కింద పాత రిలీజుల లిస్టుల 3.8.10 వెతుక్కో. అంతకంటే ముందు కంప్యూటర్ గుర్తు మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్ తెరిస్తే సర్వీస్ ప్యాక్ 1 (విండోస్ 7 కు మైక్రోసాఫ్ట్ ఇచ్చిన పెద్ద అప్‌డేట్) ఉందా లేదా, 32 బిట్టా 64 బిట్టా తెలుస్తది, సర్వీస్ ప్యాక్ లేకుంటే ముందు అది ఎక్కించాలె. ఫైలు పేర్ల ఏఎండీ64 అని ఉంటే నాది ఏఎండీ కంపెనీ చిప్ కాదు, ఇంటెల్ గదా అని భయపడకు, 64 బిట్ అని చెప్పుడే అది. 3.8 కు సుత 2024 ల సపోర్ట్ అయిపోయింది గానీ నేర్చుకునేతందుకు ఏం ఫరక్ పడదు.

ఇన్‌స్టాలర్ తెరవంగనే కింద యాడ్ పైథాన్ టు పాత్ అని చిన్న డబ్బా ఉంటది, దానికి టిక్ పెట్టు. అందరు మర్చిపోయేది ఇదే, నేను కూడ ఒకసారి మర్చిపోయి పొద్దంత తలకాయ పట్టుకున్న. ఇగ పుస్తకంల చెప్పిన పాత్ పేజీ చదవాల్సిన పనే లేదు. నీ దోస్తు లాప్‌టాప్‌ల ఫోల్డర్ ఎందుకు కనవడలేదంటే, ఇప్పటి పైథాన్ సీ డ్రైవ్ మీద కూసోదు, యూజర్ పేరు కింద యాప్‌డేటా లోపల కూసుంటది, అది హిడెన్ ఫోల్డర్.

ఎర్రర్ సంగతంటవా, ప్రింట్ పక్కన ఉన్నదాని చుట్టు బ్రాకెట్లు పెట్టు, పోతది. రా ఇన్‌పుట్ అని ఉన్నకాడ ఉత్త ఇన్‌పుట్ అని రాయి. ఇవి ఎర్రర్ ఇస్తయి కాబట్టి దొరుకుతయి, దొరకనిది భాగారం. 7 ని 2 తోని భాగిస్తే నీ పుస్తకంల 3 అని ఉంటది, నీకు 3.5 వస్తది, ఎర్రర్ రాదు, నువ్వే ఏదో తప్పు చేసిన అనుకుంటవ్. 3 ఏ కావాల్నంటే రెండు స్లాష్‌లు పెట్టాలె. (మా కాలంల సీ భాషను టర్బో సీ అనే పాత కంపైలర్ నీలం స్క్రీన్ మీద నేర్చుకొని, వేరే కంపైలర్ కాడికి పోయినంక కోనియో డాట్ హెచ్ అనే ఫైలు లేదంటే ఏడ్చినోళ్ళం మేము, గందుకే నీ బాధ సమజైంది.)

అంత అయినంక కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పీ, వై రెండే అక్షరాలు కొట్టి ఎంటర్ ఒత్తు. మొదటి లైన్ల 3.8.10 అని కనవడితే ఇన్‌స్టాల్ చాప్టర్ దాటేసి దాని తర్వాతి పేజీ నుంచి మొదలువెట్టు.