బెంచ్ మీద కూర్చోడానికి విదేశం ఎందుకంటున్నారు, వచ్చేయమని చెప్పనా?

మాది సికింద్రాబాద్ దగ్గర అల్వాల్. పెళ్లయి రెండేళ్లు. మా వారు ఫుట్‌బాల్ గోల్‌కీపర్, వయసు 26. పద్నాలుగు నెలలుగా యూరప్‌లో ఓ చిన్న క్లబ్బులో ఉన్నారు. రెండో కీపర్ కావడంతో ఇప్పటిదాకా దక్కినవి రెండే మ్యాచ్‌లు. రెండో దాంట్లో బంతి చేతిలోంచి జారి గోల్ అయింది. అప్పట్నుంచి నిద్ర పట్టడం లేదంటున్నారు, ఫోన్ రెండు నిమిషాల్లో పెట్టేస్తున్నారు. ‘కూర్చోడానికి అంత దూరం ఎందుకు? స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం చూసుకోమను’ అని మామగారు రోజూ నాతోనే అంటున్నారు. కాంట్రాక్టు ఇంకా పది నెలలుంది. వచ్చేయమని చెప్పనా?
– ఒక సోదరి, హైదరాబాద్

మామగారి మాట మీ వారికి చెప్పలేక, ఆయన బాధ మామగారికి చెప్పలేక మధ్యలో మీరు నలిగిపోతున్నారమ్మా. వచ్చేయమని మీరు చెప్పకండి. ఉండమనీ చెప్పకండి. అది ఆయన తేల్చుకోవాల్సిన విషయం. అంతకంటే ముందు చూడాల్సింది ఆయన నిద్ర సంగతి.

ఫార్వర్డ్ అయిదు అవకాశాలు పోగొట్టి ఒక గోల్ కొడితే భుజాలకెత్తుకుంటారు. కీపర్ తొమ్మిది ఆపినా, జారిన పదోదే స్కోరు బోర్డెక్కుతుంది. పైగా తర్వాతి వారమే ఆడి ఆ తప్పు దిద్దుకునే వీలు రెండో కీపర్‌కు ఉండదు. సాధారణంగా మొదటి కీపర్‌కు దెబ్బ తగిలితేనో, రెడ్ కార్డు పడితేనో గానీ అతన్ని దింపరు. అందుకే ఆ ఒక్క గోల్ మీ వారి కళ్ల ముందు నెలల తరబడి తిరుగుతోంది. ‘మ్యాచ్‌లో దింపారా?’ అని అడగడం కొన్నాళ్లు ఆపండి. తిన్నారా, ఎవరితో మాట్లాడారు, బయటికి వెళ్లారా అని అడగండి.

నిద్రలేమి, దేని మీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటితే టెన్షన్ అని వదిలేయకూడదు. జర్మనీ కీపర్ రాబర్ట్ ఎంకే పోర్చుగల్, స్పెయిన్‌లలోనూ ఆడారు. జాతీయ జట్టుకెదిగినా తన డిప్రెషన్‌ను బయటివాళ్లకు తెలియనివ్వలేదు. 2009లో, 32 ఏళ్ల వయసులో ఆత్మహత్య చేసుకున్నారు. మిమ్మల్ని భయపెట్టాలని చెప్పడం లేదు. డాక్టర్‌ను కలిస్తే టీమ్‌లో చులకనవుతానని మీ వారూ అనుకుంటూ ఉండొచ్చు. క్లబ్ డాక్టర్‌కు చెప్పడానికి మొహమాటమైతే బయటి డాక్టర్‌ను కలవమనండి. బతకాలని లేదన్న మాట ఎప్పుడైనా వస్తే ఒంటరిగా ఉంచకుండా వెంటనే అక్కడివాళ్ల సాయం తీసుకోండి. మీకోసం కూడా 14416కు, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు, ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడండి.

ఇక కెరీర్ మాట. మన దేశపు కీపర్ గుర్‌ప్రీత్ సింగ్ సంధు 2014లో నార్వే క్లబ్ స్టాబెక్‌కు వెళ్లి, అక్కడున్న మూడేళ్లలో ఎక్కువ కాలం రెండో కీపర్‌గానే ఉన్నారు. అయినా 2016లో యూరప్ క్లబ్బుల పోటీ అయిన యూరోపా లీగ్‌లో అర్హత మ్యాచ్ ఆడి, ఆ పోటీలో దిగిన తొలి భారతీయుడయ్యారు. 2017లో మన దేశానికి తిరిగొచ్చి, బెంగళూరు క్లబ్బులో చేరి ఏళ్ల తరబడి భారత జట్టు గోల్ కాపాడారు. ఆయనకు కూర్చున్న కాలమూ వృథా కాలేదు, తిరిగి రావడమూ ఓటమి కాలేదు. ఇటలీ కీపర్ డినో జోఫ్ 1982లో ప్రపంచ కప్ గెలిచినప్పుడు ఆయన వయసు 40. కీపర్‌కు 26 అంటే ఇంకా ముందు చాలా ఉంది.

అయితే కాంట్రాక్టు మధ్యలో సరైన కారణం లేకుండా వచ్చేస్తే ఫిఫా నిబంధనల ప్రకారం నష్టపరిహారం కట్టాల్సి రావచ్చు, కొన్ని నెలలు ఆడకుండా నిషేధమూ పడొచ్చు. క్లబ్బు రెండు నెలల జీతం ఎగ్గొడితే సంగతి వేరు. అప్పుడు 15 రోజుల గడువిస్తూ రాతపూర్వకంగా నోటీసిచ్చి బయటపడే హక్కుంది. జీతం సరిగ్గా వస్తుంటే, తనకు మ్యాచ్‌లు దొరికే మరో క్లబ్బుకు లోన్ మీద, అంటే తాత్కాలికంగా, పంపమని కోచ్‌ను అడగొచ్చు. కుర్ర కీపర్ల విషయంలో క్లబ్బులు చేసే పనే అది.

మామగారిని తప్పుపట్టకండి. ఉద్యోగాలకు వయోపరిమితి ఉంటుంది, కొడుకు రెంటికీ చెడతాడేమోనని ఆయన భయం. కానీ ఆ మాటలు మోయాల్సింది మీరు కాదు. ఆదివారం తండ్రీకొడుకులనే వీడియో కాల్‌లో కూర్చోబెట్టి మీరు లేచి వెళ్లండి. ముందుగా మామగారికి ఒక్క మాట చెప్పండి: ‘ఆయనకు నిద్ర పట్టడం లేదు మామయ్యగారూ, ఈ రోజుకు ఉద్యోగం మాట ఎత్తకండి.’