ఆన్‌లైన్ బీబీఏ కోసం ఎఫ్‌డీ బ్రేక్ చేయొచ్చా?

ప్రశ్న: నా వయసు 31. డిగ్రీ రెండో ఏడాది పూర్తయ్యాక నాన్నగారి ఆరోగ్యం దెబ్బతినడంతో చదువు ఆపేశాను. తొమ్మిదేళ్లుగా ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తున్నాను. ఈమధ్య టీమ్ లీడ్ పోస్టు ఖాళీ అయింది. 'పనంతా నీకే వచ్చు, కానీ డిగ్రీ లేదు కదా' అంటూ, నా దగ్గర పని నేర్చుకున్న అమ్మాయికి ఇచ్చారు. అందుకే ఆన్‌లైన్ బీబీఏ చేద్దామని ఒక వెబ్‌సైట్‌లో నా నంబర్ ఇచ్చాను. అప్పటి నుంచి కౌన్సెలర్ రోజూ ఫోన్ చేస్తున్నారు. మూడేళ్ల కోర్సు, మొత్తం ఫీజు నా పది నెలల జీతం. ఒకేసారి కడితే 12 శాతం తగ్గింపు, లేకపోతే 24 నెలల నో కాస్ట్ ఈఎంఐ. ఆదివారంతో ఆఫర్ అయిపోతుందట. నా దగ్గర ఒక్క ఎఫ్‌డీ ఉంది, ఏడు నెలల ఇంటి ఖర్చుకు సరిపోయేంత. అది బ్రేక్ చేసి, తక్కువైంది అప్పు చేసి కట్టేయమంటారా? అసలు ఆ యూనివర్సిటీ మంచిదో కాదో నాకెలా తెలుస్తుంది?

జవాబు: ఆదివారం లోపు ఏమీ కట్టకండి. నిజంగా మంచి యూనివర్సిటీ అయితే వచ్చే విడత అడ్మిషన్లలోనూ మీకు సీటు ఉంటుంది. ఆదివారం దాటితే దొరకని చదువు మీకు అక్కర్లేదు.

డిగ్రీ చేయాలన్న మీ నిర్ణయం మాత్రం సరైనదే. తొమ్మిదేళ్లు పని చేసి, మీరు నేర్పిన మనిషి కింద పనిచేయాల్సి రావడం ఎంత కష్టంగా ఉంటుందో ఊహించగలను. అయితే ఆ కష్టంలో ఉన్నప్పుడే తొందరపడి సంతకం పెట్టేస్తాం. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఏ యూనివర్సిటీ అన్నది తర్వాత. ముందు మీ హెచ్‌ఆర్ విభాగానికి ఒక చిన్న మెయిల్ పెట్టండి. 'నేను ఫలానా యూనివర్సిటీలో ఆన్‌లైన్‌లో బీబీఏ చేయాలనుకుంటున్నాను. ఈ డిగ్రీని టీమ్ లీడ్ పోస్టుకు అర్హతగా తీసుకుంటారా? ఉద్యోగుల చదువుకు కంపెనీ ఏమైనా సాయం చేస్తుందా?' ఇంతే రాయండి. నోటిమాటగా అడగొద్దు, జవాబు మెయిల్‌లోనే రావాలి. రేపు మీ సర్టిఫికెట్ చూసి అవును, కాదు అనేది వాళ్లే. వాళ్లు కాదన్న డిగ్రీని ఎంత గొప్ప పేరున్న చోటు నుంచి తెచ్చినా మీ ఇప్పటి సమస్య తీరదు. ఇక రెండో ప్రశ్న సంగతి. చాలా కంపెనీలు ఉద్యోగుల ఫీజులో కొంత భాగం భరిస్తాయి, బదులుగా కొన్నేళ్లు మానకుండా పనిచేయాలని ఒప్పందం రాయించుకుంటాయి. అడగనివాళ్లకు ఆ సంగతి తెలియదు.

హెచ్‌ఆర్ సరే అన్నాక గుర్తింపు చూడాలి. ఇక్కడ చాలామంది రెండు వేర్వేరు విషయాలను ఒకటే అనుకుంటారు. మొదటిది, ఆ సంస్థకు డిగ్రీ ఇచ్చే చట్టబద్ధమైన అధికారం ఉందా అన్నది. అది తేల్చేది ఆ దేశ ప్రభుత్వం, లేదా ప్రభుత్వం ఒప్పుకున్న నియంత్రణ సంస్థ. ఇది లేకపోతే మిగతావి చూడాల్సిన పనే లేదు. యూనివర్సిటీకి గుర్తింపు ఉన్నంత మాత్రాన సరిపోదు. ఆ కోర్సును ఆన్‌లైన్‌లో నడిపే అనుమతి కూడా ఉందో లేదో, మీరు చేరబోయే సంవత్సరానికి అది వర్తిస్తుందో లేదో చూడాలి. రెండోది, బిజినెస్ స్కూళ్లకు ప్రత్యేకంగా ఇచ్చే నాణ్యత ముద్రలు. 1916లో అమెరికాలో మొదలైన ఏఏసీఎస్‌బీ, యూరప్‌కు చెందిన ఈఎఫ్‌ఎండీ ఇచ్చే ఈక్విస్, లండన్ కేంద్రంగా ఉన్న ఆంబా ఇందులో ముఖ్యమైనవి. ఇవి ఉంటే మంచిదే, లేకపోయినా భయపడక్కర్లేదు. ఏ ముద్రా లేకుండా చక్కగా చదువు చెప్పే ప్రభుత్వ యూనివర్సిటీలు బోలెడున్నాయి. ఒక్క విషయం గుర్తుంచుకోండి. ఆంబా గుర్తింపు ఎంబీఏ లాంటి పీజీ కోర్సులకు ఇస్తారు. ఎవరైనా బీబీఏ అమ్ముతూ ఆ ముద్ర చూపిస్తే, అది ఏ కోర్సుకు వచ్చిందని అడగండి.

గుర్తింపు ఉందో లేదో యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో చూడకండి. గుర్తింపు ఇచ్చే సంస్థ వెబ్‌సైట్‌కు మీరే విడిగా వెళ్లి, అక్కడి జాబితాలో ఈ పేరు వెతకండి. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. కొన్నేళ్ల కిందట నా దగ్గరకు ఒకాయన ఇంటి లోన్ విషయమై వచ్చి, మాటల్లో తన మేనేజ్‌మెంట్ డిగ్రీ చూపించారు. మందపాటి కాగితం, కింద బంగారు రంగులో ఉబ్బెత్తు ముద్ర, వేలితో తడిమితే తెలిసేలా. కొత్త ఉద్యోగంలో చేరిన రెండు నెలలకు సర్టిఫికెట్ల పరిశీలనలో అది చెల్లదని తేలింది, ఉద్యోగం పోయింది. ఆ యూనివర్సిటీకి గుర్తింపు ఇచ్చామని చెప్పుకున్న సంస్థ వెబ్‌సైట్‌ను ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని తెరిచాం. అడుగున ఉన్న ఫోన్ నంబర్, యూనివర్సిటీ నంబర్ ఒకటే! తమకు తామే గుర్తింపు ఇచ్చుకున్నారు. ఆయన నా ఎదురుగానే ఆ కాగితాన్ని మళ్లీ కవర్లో పెట్టుకుని చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నారు.

ఇది చిల్లర మోసగాళ్ల పని మాత్రమే కాదు. 2015లో కరాచీ కేంద్రంగా నడిచిన యాక్సాక్ట్ కంపెనీ గురించి న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టిన కథనంలో, లేని యూనివర్సిటీలకు వందల వెబ్‌సైట్లు, వాటికి గుర్తింపు ఇస్తున్నట్టు కనిపించే ఉత్తుత్తి సంస్థలు, ఫోన్లో ఒత్తిడి పెట్టి ఫీజు కట్టించే సిబ్బంది, అన్నీ ఉన్నాయి. రోజూ ఫోన్ వస్తోందని మీరు రాసింది చదవగానే నాకు అదే గుర్తొచ్చింది. మీకు ఫోన్ చేసేవాళ్లు అలాంటివాళ్లే అనడం లేదు. కానీ వాళ్లు యూనివర్సిటీ ఉద్యోగులు కాకపోవచ్చు. చాలా యూనివర్సిటీలు ఆన్‌లైన్ కోర్సుల ప్రచారం, అడ్మిషన్లు వేరే కంపెనీలకు అప్పగిస్తాయి. ఆ కంపెనీలకు ఫీజులో పెద్ద వాటా, కొన్ని ఒప్పందాల్లో సగానికి పైగా వెళుతుంది. అలాంటి వాటిలో పేరున్న అమెరికా కంపెనీ 2యూ, అప్పుల భారంతో 2024 జులైలో దివాలా రక్షణ కోరుతూ కోర్టుకు వెళ్లింది. కాబట్టి కౌన్సెలర్‌ను సూటిగా అడగండి: మీ జీతం ఎవరిస్తారు? నా డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది? మధ్యలో మీ కంపెనీ తప్పుకుంటే నా చదువు పూర్తి చేయించే బాధ్యత ఎవరిది?

ఆన్‌లైన్ అంటేనే తక్కువ అనుకోనక్కర్లేదు. దూరవిద్యకు పెద్ద చరిత్రే ఉంది. లండన్ యూనివర్సిటీ 1858 నుంచే, ఎక్కడో ఉండి చదువుకున్నవాళ్లకూ పరీక్షలు పెట్టి డిగ్రీలు ఇస్తోంది. బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీ 1969లో ఏర్పడింది. అమెరికాలో ఇల్లినాయ్ యూనివర్సిటీ 2016లో కోర్సెరా అనే ఆన్‌లైన్ కోర్సుల వెబ్‌సైట్ ద్వారా పూర్తి ఎంబీఏ మొదలుపెట్టింది. అక్కడ పాఠాలు వినేది కోర్సెరాలో, డిగ్రీ ఇచ్చేది యూనివర్సిటీ. మీరు చూడాల్సిందీ అదే. చివర్లో చేతికి వచ్చే కాగితం మీద ఎవరి పేరు ఉంటుంది, 'డిగ్రీ' అని ఉంటుందా, 'సర్టిఫికెట్ ప్రోగ్రామ్' అని ఉంటుందా? నమూనా కాపీ పంపమనండి. పంపడానికి నసిగితే అక్కడితో వదిలేయండి.

ప్లేస్‌మెంట్ పేజీలో వరుసగా పెద్ద కంపెనీల లోగోలు కనిపిస్తే వాటికి విలువ ఇవ్వకండి. అమెరికాలోని యూనివర్సిటీ ఆఫ్ ఫీనిక్స్ అనే ప్రైవేటు యూనివర్సిటీ తన ప్రకటనల్లో మైక్రోసాఫ్ట్, ఏటీ అండ్ టీ లాంటి కంపెనీలతో ఉద్యోగ ఒప్పందాలు ఉన్నట్టు భ్రమ కల్పించిందన్న అభియోగం మీద, వినియోగదారుల ప్రయోజనాలు కాపాడే అక్కడి ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో 2019 డిసెంబరులో 19.1 కోట్ల డాలర్లకు రాజీ చేసుకుంది. లోగోల బదులు మీలాగే ఉద్యోగం చేస్తూ అక్కడ బీబీఏ పూర్తి చేసిన ఇద్దరిని లింక్డ్‌ఇన్‌లో మీరే వెతికి పట్టుకోండి. కౌన్సెలర్ ఇచ్చిన నంబర్లు వద్దు. పరీక్షలు సమయానికి పెట్టారా, ఫలితాలు ఎన్నాళ్లకు వచ్చాయి, సందేహం అడిగితే జవాబిచ్చే లెక్చరర్ ఉన్నారా, చివరి సర్టిఫికెట్ ఎప్పుడు చేతికొచ్చింది, ఈ నాలుగూ అడిగితే చాలు.

ఇక డబ్బు సంగతి. నో కాస్ట్ ఈఎంఐ అన్న మాట నమ్మకండి. ఫీజు 100 అనుకుందాం. ఒకేసారి కడితే 88 చాలు. ఈఎంఐలో నెలకు 4.17 చొప్పున 24 నెలలు కడితే 100 అవుతుంది. అంటే ఆ 12 వాళ్లు మీ దగ్గర వసూలు చేస్తున్న వడ్డీయే. లెక్క కడితే ఏడాదికి సుమారు 12.5 శాతం పడుతుంది. పైగా ఈఎంఐ అంటే చాలాచోట్ల మీ పేరు మీద వేరే ఫైనాన్స్ సంస్థ లోన్ ఇచ్చి, ఫీజు మొత్తం ముందే వాళ్లకు కట్టేస్తుంది. ఆరు నెలలకే మీరు చదువు ఆపేసినా లోన్ ఆగదు. ఒక్క కంతు తప్పినా మీ క్రెడిట్ స్కోరు పడిపోతుంది, రేపు ఇల్లు కొందామంటే అదే అడ్డం.

ఎఫ్‌డీ జోలికి మాత్రం వెళ్లొద్దు. అది చదువు డబ్బు కాదు, నాన్నగారికి జబ్బు చేసినప్పుడు మీ ఇంట్లో లేకపోయిన డబ్బు. అప్పట్లో అది ఉండి ఉంటే మీ డిగ్రీ ఆగేది కాదేమో. ఆరు నెలల ఖర్చు ఎప్పుడూ చేతిలో ఉండాలి. మీ దగ్గర ఏడు నెలలది ఉంది, అలాగే ఉంచండి.

మరి ఫీజు ఎలా? సెమిస్టర్‌కు సెమిస్టర్ కట్టించుకునే యూనివర్సిటీనే ఎంచుకోండి. ఒకేసారి కడితే వచ్చే తగ్గింపు పోయినా, నచ్చకపోతే మానేసే స్వేచ్ఛ ఉంటుంది. మొదటి సెమిస్టర్‌లో ఉద్యోగం, ఇల్లు, చదువు మూడూ నడుస్తాయో లేదో మీకే తెలియదు. వారానికి 12 నుంచి 15 గంటలు కేటాయించగలరా అన్నది చేరకముందే ఒక నెల పాటు రోజూ రాత్రి రెండు గంటలు కూర్చుని చూసుకోండి. అదే నెల నుంచి జీతం రాగానే కొంత రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే, చేరే నాటికి మొదటి సెమిస్టర్ ఫీజులో చాలా భాగం సిద్ధంగా ఉంటుంది.

పది నెలల జీతం పెట్టడం తగునా అన్నదీ చూద్దాం. టీమ్ లీడ్ అయితే జీతం 20 శాతం పెరుగుతుందనుకుందాం. అంటే ఏడాదికి అదనంగా వచ్చేది ఇప్పటి జీతంలో 2.4 నెలలంత. పది నెలల జీతమంత ఫీజు తిరిగి రావడానికి నాలుగేళ్లు దాటుతుంది. చదువు పూర్తయ్యేసరికే మీకు 34, పెట్టింది వెనక్కి వచ్చేసరికి 38 నిండుతాయి, అదీ ప్రమోషన్ వెంటనే వస్తే. అదే ఫీజు నాలుగు నెలల జీతమైతే 20 నెలల్లో తిరిగొస్తుంది. మీకు కావాల్సింది అర్హత. మీ అనుభవం మీ దగ్గర ఉంది, కనుక బ్రాండ్ పేరుకు అదనంగా ఆరు నెలల జీతం పోయడం నాకు సమ్మతం కాదు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న తక్కువ ఫీజు ఓపెన్ యూనివర్సిటీలను ముందు చూడండి. ఫీజు అన్నప్పుడు పరీక్ష ఫీజు, ప్రాజెక్టు, కాన్వొకేషన్, మళ్లీ రాయాల్సి వస్తే కట్టేది, అన్నీ కలిపి అడగండి.

మీ ప్రశ్నలో ఇంకో విషయం ఉంది, మీరు గమనించారో లేదో. రెండేళ్ల డిగ్రీ పూర్తి చేశారు కదా! పాత కాలేజీ నుంచి మార్కుల జాబితాలు, సిలబస్ కాపీ తెప్పించుకోండి. కొన్ని యూనివర్సిటీలు వాటిని చూసి కొన్ని సబ్జెక్టులు మినహాయిస్తాయి. ఎప్పుడో పాసైన సబ్జెక్టుల క్రెడిట్లను (వాటికి లెక్కగట్టే పాయింట్లను) తీసుకోని చోట్లూ ఉన్నాయి, కాబట్టి చేరకముందే రాతపూర్వకంగా తేల్చుకోవాలి. ఒక ఏడాది తగ్గినా దాదాపు ఆ మేరకు ఫీజూ తగ్గుతుంది, మీరు 33కే ఆ పోస్టుకు అర్హులవుతారు.

ఈరోజు మళ్లీ ఫోన్ వస్తుంది. టెన్షన్ పడకండి, మర్యాదగానే చెప్పండి: 'నమూనా డిగ్రీ కాపీ, రీఫండ్ నిబంధనలు, సెమిస్టర్ వారీ ఫీజు పట్టిక, మూడూ యూనివర్సిటీ అధికారిక మెయిల్ నుంచి పంపండి. చదివాక నేనే ఫోన్ చేస్తాను.' అవి వస్తే, మీ హెచ్‌ఆర్ జవాబుతో కలిపి నాకు పంపండి. రీఫండ్ నిబంధనలు మాత్రం నేనూ ఒకసారి చదువుతాను.