భూమి అమ్మితే 38 కోట్లు వచ్చాయి, ఇంత ఉంచుకోవడం తప్పా?

ప్రశ్న: మాది రంగారెడ్డి జిల్లా, శంకర్‌పల్లి దగ్గర పల్లెటూరు. నా వయసు 61. నిరుడు తొమ్మిది ఎకరాలు అమ్మాను. పన్నులు, అప్పులు పోను 38 కోట్లు మిగిలాయి. అంతా ఒకే బ్యాంకులో ఉంది. సొంత ఇల్లు, ఇంకో రెండెకరాలు ఉన్నాయి. నెలకు లక్షన్నర ఖర్చవుతుంది. అమ్మిన పొలాన్ని ఇరవై ఏళ్లుగా ఒకే కుటుంబం కౌలుకు చేసింది. డబ్బంతా ప్లాట్ల మీద పెడదామని మా అబ్బాయి అంటున్నాడు. నెదర్లాండ్స్‌లో చదువుతున్న అమ్మాయి మాత్రం ఒక మనిషి దగ్గర ఇంత సొమ్ము ఉండటమే అన్యాయం, దేనికైనా ఒక హద్దు ఉండాలి అంటోంది. ఆ మాట మనసులోంచి పోవడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు బ్యాంకు సంగతి చూడండి. బ్యాంకుకు ఏదైనా అయితే డిపాజిట్ బీమా కింద ఒక మనిషికి ఒక బ్యాంకులో దక్కేది 5 లక్షలే. ఆర్‌బీఐ రిటైల్ డైరెక్ట్ ఖాతా (మామూలు మనుషులు ప్రభుత్వ బాండ్లు, బిల్లులు నేరుగా కొనుక్కునే ఖాతా) తెరిచి, ఎక్కువ భాగం 91, 182, 364 రోజుల ట్రెజరీ బిల్లుల్లోకి మార్చండి. అది ప్రభుత్వానికి ఇచ్చిన అప్పు కాబట్టి సొమ్ముకు భయం లేదు. ఆలోచించుకోవడానికి మీకు ఏడాది టైమ్ దొరుకుతుంది. ఈ ఏడాదిలో ప్లాట్లు, ఫామ్‌హౌస్ మాట ఎవరు ఎత్తినా "తర్వాత చూద్దాం" అనండి.

ఇక మీ అమ్మాయి మాట. అది చదువుకునే పిల్లల ఆవేశమని కొట్టిపారేయకండి, యూరప్‌లో ఈ వాదన గట్టిగానే నడుస్తోంది. ఒక స్థాయి దాటాక వచ్చే రూపాయి ఉన్నవాడి బతుకులో ఏమీ మార్చదు, అదే రూపాయి లేనివాడికి చాలా మారుస్తుంది అనేది అందులో ఒక భాగం. చేతిలో మరీ ఎక్కువ డబ్బుంటే అది అధికారాన్ని కొంటుంది అనేది రెండోది. ఇది వేల కోట్లవాళ్ల గురించే అనుకోకండి. 38 కోట్లున్న మనిషి తలుచుకుంటే మీ ఊరి సర్పంచి ఎన్నిక ఎటు తిరుగుతుందో నాకన్నా మీకే బాగా తెలుసు.

హద్దు పెట్టడం మనకు కొత్త కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 1973 భూసంస్కరణల చట్టం మాగాణికి 10 నుంచి 27 ఎకరాలు, మెట్టకు 35 నుంచి 54 ఎకరాలు అని సీలింగ్ పెట్టింది. మీ నాన్నగారి తరం దాన్ని చూసింది. బంధువుల పేర్లకు, పాలేర్ల పేర్లకు భూములు ఎలా మారాయో ఊళ్లో పెద్దవాళ్లను అడగండి, చెబుతారు. పైగా ఆ చట్టం ఎకరాలు లెక్కపెట్టింది, వాటి ధరను పట్టించుకోలేదు. అనంతపురంలో 50 ఎకరాల మెట్ట ఉన్న రైతు సీలింగ్ అంచున నిలబడతాడు. 2023 వేలంలో వంద కోట్లు దాటిన కోకాపేట ఎకరానికి ఆ బాధే లేదు.

పన్నులతోనూ ప్రయత్నించాం. 1973-74లో ఆదాయపు పన్ను పై శ్లాబు సర్‌చార్జితో కలిపి 97.75 శాతం. సంపద పన్ను 1957 నుంచి 2015 దాకా నడిచింది, 2013-14లో దేశం మొత్తం మీద వచ్చింది 1,008 కోట్లు. చనిపోయినవారి ఆస్తి మీద వేసే ఎస్టేట్ డ్యూటీ ఒక దశలో 85 శాతం దాకా ఉండేది. ఏడాదికి సుమారు 20 కోట్లే వస్తోందని 1985లో ఎత్తేశారు. నన్నడిగితే అది మినహాయింపులు తక్కువగా, రేటు మోస్తరుగా ఉండేలా మళ్లీ రావాలి. ఈ మాట నా క్లయింట్లలో చాలామందికి రుచించదు, అయినా చెబుతూనే ఉంటాను.

చట్టం లేదు కాబట్టి మీ హద్దు మీరే గీసుకోవాలి. అంతకంటే ముందు ఒక చేదు మాట. ఈ డబ్బును కష్టార్జితం అనకండి. పొలం పండించిన కష్టం వేరు, ఎకరం కోట్లు పలకడం వేరు. ఔటర్ రింగ్ రోడ్డు వేసింది ప్రభుత్వం, గచ్చిబౌలిలో కంపెనీలు పెట్టింది ఇంకెవరో. మీరు దొంగతనం చేయలేదు, సిగ్గుపడాల్సిన పని అంతకన్నా లేదు. కానీ ఈ సొమ్ము ఎవరి వల్ల వచ్చిందో గుర్తుంటే, ఎంత ఉంచుకోవాలనేది తేల్చుకోవడం తేలికవుతుంది.

లెక్క చూద్దాం. నెలకు లక్షన్నర అంటే ఏడాదికి 18 లక్షలు. మీకు 95 ఏళ్లు వచ్చేదాకా, అంటే 34 ఏళ్లు. పన్ను పోగా వచ్చే రాబడి ధరల పెరుగుదలకు సరిపోతుంది అనుకున్నా 6 కోట్ల 12 లక్షలు చాలు. ఆస్పత్రి ఖర్చులకు కోటిన్నర, అమ్మాయి చదువుకు 60 లక్షలు, అనుకోని వాటికి 2 కోట్లు కలపండి. పది కోట్ల పావు దాటదు. నా జాగ్రత్త కొద్దీ 12 అంటాను. మిగిలేది 26. మొత్తం 38 కోట్లనూ అలాగే వదిలేస్తే, ఆరున్నర శాతం చొప్పున ఏడాదికి రెండున్నర కోట్ల దగ్గర వడ్డీ వస్తుంది. అందులో సర్‌చార్జితో కలిపి 90 లక్షల పైన పన్ను పోయినా మీ ఖర్చుకు ఎనిమిది రెట్లు మిగులుతుంది. ధరలు పెరిగి దాని విలువ కొంత తగ్గవచ్చు, కానీ మీ జీవితకాలంలో అది అయిపోదు. నేను "ఎక్కువ" అనేది ఇలాంటి సొమ్మునే.

అయితే ఆ 26 కోట్లూ మీవేనా? పొలం తాతల నాటి ఉమ్మడి ఆస్తి అయితే, అబ్బాయితో పాటు అమ్మాయికీ పుట్టుకతోనే వాటా ఉంటుంది. అప్పుడు వాళ్ల వాటాను మీరు దానం చేయలేరు. మీ నాన్నగారి స్వార్జితమై, ఆయన తర్వాత మీకు వచ్చినదైతే సంగతి వేరు. పాత కాగితాలు తీసుకుని సివిల్ లాయర్ దగ్గరకు వెళ్లండి. ఉమ్మడి ఆస్తి అని తేలితే అమ్మాయికి కూడా కోట్లున్నట్టే, తన నియమాన్ని ముందు తన వాటా మీదే పెట్టి చూసుకోవచ్చు!

మీదేనని తేలితే, పిల్లలకు చెరో ఐదు కోట్లు రాసినా 16 మిగులుతాయి. అబ్బాయి తన ఐదుతో ప్లాట్లు కొనుక్కుంటే అతని ఇష్టం. మీరు మాత్రం కొనకండి. మీకున్నదంతా ఇప్పటిదాకా ఒకే జిల్లా మట్టిలోనే ఉంది, అది చాలు.

ఆ 16 కోట్లతో సొంత ట్రస్టు పెట్టాలని చాలామంది ఉబలాటపడతారు. రిజిస్ట్రేషన్లు, ఆడిట్లు, తర్వాత ఎవరు నడపాలనే గొడవ. 1951లో పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇవ్వడంతో భూదానోద్యమం మొదలైంది. ఆ ఉద్యమంలో ఎందరో మంచి మనసుతో ఇచ్చిన భూముల్లో కొన్ని మీ జిల్లాలోనే ఇప్పుడు కోర్టుల్లో నలుగుతున్నాయి. ఇప్పటికే బాగా నడుస్తున్న ఆస్పత్రికో, హాస్టల్‌కో పదేళ్లలో విడతలుగా ఇవ్వండి, ఏటా లెక్కలు అడగండి. ఈ దానాలకు ఆదాయపు పన్ను మినహాయింపు కొత్త పన్ను విధానంలో రాదు. పాత విధానంలోనూ 2,000 దాటిన నగదుకు ఉండదు కాబట్టి బ్యాంకు ద్వారానే ఇవ్వండి.

నేనైతే వీటన్నిటికన్నా ముందు కౌలు కుటుంబం సంగతి చూస్తాను. ఇరవై ఏళ్లు ఆ నేల దున్నినవాళ్లకు అమ్మకంలో పైసా రాలేదు, ఇప్పుడు చేసుకోవడానికి పొలమూ లేదు. చట్టం ప్రకారం మీరు బాకీ లేరు. అయినా మీ అమ్మాయి అడిగిన న్యాయం ముందు మొదలవ్వాల్సింది అక్కడే. 20 లక్షలు ఇద్దామనుకుంటే ఒకేసారి ఇవ్వకండి. బంధువు కానివారి నుంచి ఏడాదిలో 50 వేలు దాటి వచ్చిన బహుమతి మొత్తం వాళ్ల ఆదాయం కిందే లెక్క. కొత్త విధానంలో 12 లక్షల లోపు ఆదాయానికి రిబేటు ఉంది, అంటే పన్ను పడదు. అందుకే మార్చిలో 10 లక్షలు, కొత్త ఆర్థిక సంవత్సరం మొదలయ్యే ఏప్రిల్‌లో 10 లక్షలు వాళ్ల ఖాతాలో వేయండి, రిటర్ను మీ ఆడిటర్ చేతే వేయించండి. వాళ్ల పేరున ఇంటి స్థలం కొనిచ్చినా పన్ను నియమం ఇదే కాబట్టి, స్థలం కన్నా డబ్బే ఇచ్చి ఏం చేసుకోవాలో వాళ్లకే వదిలేయండి.