నాలుగక్షరాల డాట్ కామ్ పేరు అమ్మితే నిజంగా ఎంత వస్తుంది?

మీ దగ్గరున్న నాలుగక్షరాల డాట్ కామ్ పేరుకు (వెబ్‌సైట్ చిరునామా, దీన్నే డొమైన్ అంటారు) విలువ లెక్కగట్టే ఒక ఆన్‌లైన్ టూల్ 1,400 డాలర్లు చూపించిందని, అమ్మితే అంత వస్తుందా అని అడిగారు. ముందు ఆ అంకెను మనసులోంచి తీసేయండి. నేను తిరుపతిలో వెబ్‌సైట్లు చేసి ఇస్తాను, దానితోపాటు పొట్టి పేర్లు కొని అమ్ముతుంటాను. టూల్ చూపిన రేటుకే అమ్ముడుపోయిన పేరు ఇంతవరకు నా కంటబడలేదు. అంతకంటే బాగా ఎక్కువకైనా పోతుంది, బాగా తక్కువకైనా పోతుంది. ఎయిర్ బైపాస్ రోడ్డులో స్థలానికి రిజిస్ట్రార్ ఆఫీసు పుస్తకంలో ఉండే విలువ వేరు, ఎదురెదురుగా కూర్చుని తెంపుకునే రేటు వేరు. ఇక్కడా అంతే.

పొట్టి పేర్లు అరుదు కాబట్టి ఖరీదు అంటారు. ఇంగ్లిష్ అక్షరాలు 26. రెండక్షరాల పేర్లు 676, మూడక్షరాలవి 17,576, నాలుగక్షరాలవి 4,56,976. డాట్ కామ్‌లో ఇవన్నీ ఎప్పుడో అయిపోయాయి. కానీ నాలుగున్నర లక్షలంటే అరుదేమీ కాదు. వాటిలో చాలావాటిని నోటితో పలకలేం, ఎవరికీ పనికిరావు. ఆ అక్షరాలు తమ పేరుకు సరిపోయి, అవి లేకపోతే పని జరగని మనిషి ఒకడు ఉన్నప్పుడే వాటికి రేటు. ఎఫ్‌బి డాట్ కామ్ అమెరికాలోని రైతు సంఘం, ఫార్మ్ బ్యూరో దగ్గర ఉండేది. ఫేస్‌బుక్ దాన్ని 2010లో 85 లక్షల డాలర్లకు కొన్నది. ఆ రెండక్షరాలు ఫేస్‌బుక్‌కు అవసరం కాకపోయి ఉంటే రైతు సంఘానికి అంత సొమ్ము ఇచ్చేవాళ్లు ఇంకెవరున్నారు?

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. అక్షరాలకు ఊరు ఉంటుంది. 2015 చివర్లో చైనా పెట్టుబడిదారులు పొట్టి డాట్ కామ్‌ల మీద పడ్డారు. ఎ, ఇ, ఐ, ఒ, యు, వి అనే ఆరు అక్షరాలు లేని పేర్లకు రేట్లు ఒక్కసారిగా లేచాయి, 2016లో మళ్లీ దిగాయి. ఆ జాబితాలో ‘వి’ ఎందుకుందంటే, చైనా భాషను ఇంగ్లిష్ లిపిలో రాసే పిన్‌యిన్ పద్ధతిలో ‘వి’తో మొదలయ్యే మాటలు ఉండవు. అప్పటి నుంచి ‘వి’ ఉన్న నాలుగక్షరాల పేరంటే బ్రోకర్లకు చిన్నచూపు. మరి మా ఊళ్లో? యూనివర్సిటీ ఎస్‌వి, మెడికల్ కాలేజీ ఎస్‌వి, జూ పార్కు ఎస్‌వి. లాడ్జి, ట్రావెల్స్, టిఫిన్ సెంటర్, చీటీల కంపెనీ, ఏది తెరిచినా శ్రీ వెంకటేశ్వర స్వామి పేరే ముందు. ‘ఎస్‌వి’తో మొదలయ్యే నాలుగక్షరాల డాట్ కామ్‌కు తిరుపతిలో ఉండే గిరాకీ ప్రపంచంలో ఇంకెక్కడా ఉండదని గట్టిగా చెప్తాను. ఏ టూల్‌కూ ఈ సంగతి తెలియదు.

అలాంటి పేరే ఒకటి, గడువు తీరి పాత ఓనరు వదిలేస్తే వేలంలో కొన్నాను. కొన్నాళ్లకు రేణిగుంట రోడ్డులో ట్రావెల్స్ నడిపే ఒక అన్న తనంతట తానే ఫోన్ చేసి ఆఫీసుకు రమ్మన్నాడు. ఆయన కంపెనీ పేరులోని నాలుగు మాటల మొదటి అక్షరాలూ వరుసగా అవే. లక్షా ఇరవై వేలు అడిగాను. ఆయన ఫోన్ తీసి నా ముందు పెట్టాడు. టూల్‌లో మూడు వందల చిల్లర డాలర్లు.

“పాతికవేలు చేసేదానికి ఇంత అడగతావేంది సామీ? అంత దుడ్డు పెడితే మినీ బస్సుకు టైర్లన్నీ కొత్తవి ఏసుకోవచ్చు.”

నేను జవాబు చెప్పేలోపే కౌంటర్ మీద ఫోన్ మోగింది. నాగపూర్ నుంచి ఎవరో భక్తుడు. పన్నెండు మంది వస్తున్నారట, కాణిపాకం, శ్రీపురం గోల్డెన్ టెంపుల్, శ్రీకాళహస్తి, తిరుచానూరు చూపించే ప్యాకేజీ కావాలి, రేట్లు వెబ్‌సైట్‌లో చూసుకుంటామన్నాడు. కౌంటర్ అబ్బాయి వెబ్‌సైట్ పేరు చెప్పడం మొదలుపెట్టాడు. “శ్రీ జీ... నహీ, ఎస్ ఆర్ ఐ. హెచ్ నహీ. వెంకటేశ్వర మే భీ హెచ్ నహీ. బీచ్ మే డ్యాష్ (మధ్యలో డ్యాష్).” డ్యాష్ అంటే ఏంటని అవతల అడిగాడు. మొత్తం మళ్లీ మొదటి నుంచి. శ్రీ అనే మాటనే ఇంగ్లిష్‌లో మూడు రకాలుగా రాస్తారు, వెంకటేశ్వరకు ఎన్ని రకాలున్నాయో లెక్కే లేదు. కాసేపటికి అవతలి మనిషి సంతోషంగా, “మిల్ గయా, ఆప్‌కా రేట్ తో కమ్ హై” (దొరికింది, మీ రేటు తక్కువే) అన్నాడు. అబ్బాయి మొహం మాడిపోయింది. అక్కడ తెరుచుకున్నది వేరే ట్రావెల్స్ సైటు.

అన్న ఏమీ మాట్లాడలేదు. కాఫీ తెప్పించాడు. నేను ఒక్కటే అడిగాను: “అన్నా, సీజన్లో ఇట్లాంటి ఫోన్లు రోజుకు ఎన్ని వస్తాయి?” బస్సుల వెనక రాయించిన పేరు, పాంప్లెట్లు, విజిటింగ్ కార్డులు, అన్నిటి మీదా ఆ పొడుగు పేరే ఉంది. పన్నెండు మంది గ్రూపు ఒక్కటి చేయి జారితే ఎంత పోతుందో నాకంటే ఆయనకే బాగా తెలుసు. ఆ వారంలోనే తొంభై ఐదు వేలకు తెగింది. టూల్ చూపిన దానికి దాదాపు నాలుగు రెట్లు. అదే పేరును బయటి బ్రోకర్‌కు అమ్మి ఉంటే పాతికవేలు కూడా ఇచ్చేవాడు కాదు, ‘వి’ ఉంది కదా అని తగ్గించేవాడు.

ఆ బేరంలో నాకు మంట పుట్టించిన విషయం ఇంకొకటి బయటపడింది. ఆయన పాత పొడుగు పేరు కూడా ఆయన పేరు మీద లేదు. వెబ్‌సైట్ చేసిన మనిషి తన పేరు మీద, తన ఈమెయిల్‌తో రిజిస్టర్ చేసి, రెన్యువల్ అంటూ ఏటా ఎనిమిది వేలు వసూలు చేస్తున్నాడు. డాట్ కామ్ రెన్యువల్‌కు నిజంగా అయ్యేది అందులో చిన్న వంతే. ఇది మా వృత్తికే తలవంపు. దయచేసి ఇది చదివే వ్యాపారులందరూ ఈ రోజే మీ రిజిస్ట్రార్ (డొమైన్ పేరు రిజిస్టర్ చేసే కంపెనీ) దగ్గర అకౌంట్ ఎవరి పేరు మీద ఉందో చూసుకోండి.

దేవుడి పేరుతో, గుడి పేరుతో డొమైన్లు కొని, దర్శనం టికెట్లు, రూములు అంటూ భక్తుల్ని ముంచేవాళ్ల గురించి కూడా చెప్పాలి. టీటీడీ అసలు సైటు జిఓవి డాట్ ఇన్ కింద ఉంటుంది, అది ప్రభుత్వానికి తప్ప ఎవరికీ దొరకదు. కాబట్టి అలాంటి పేర్లకు మంచి రేటు వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి, వాటి జోలికే పోకండి. ఇంకొకరి బ్రాండ్ పేరైనా అంతే. డొమైన్ పేరుకు ట్రేడ్‌మార్క్ లాంటి రక్షణే ఉంటుందని సిఫీ అనే ఇంటర్నెట్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు 2004లోనే తేల్చింది. డాట్ కామ్‌కు యూడీఆర్‌పీ, డాట్ ఇన్‌కు ఐఎన్‌డీఆర్‌పీ అని ఫిర్యాదు పద్ధతులున్నాయి. బ్రాండ్ ఓనరుకే అమ్మాలని కొన్నట్టు తేలితే, పైసా లేకుండా పేరు పోతుంది.

ఇక మీ పేరు సంగతి. తమ పేరులోని మాటల మొదటి అక్షరాలు వరుసగా ఆ నాలుగే అయిన కంపెనీలు, కాలేజీలు, ఆసుపత్రులు ఎన్ని ఉన్నాయో ఒక సాయంత్రం కూర్చుని వెతకండి. వాళ్లిప్పుడు ఏ పేరు వాడుతున్నారో చూడండి. డ్యాష్ పెట్టుకున్నవాళ్లు, చివర ఇండియా తగిలించుకున్నవాళ్లు, డాట్ నెట్‌తో సరిపెట్టుకున్నవాళ్లు మీ అసలు కొనుగోలుదారులు. అలాంటివాళ్లు పదిమంది దొరికితే 1,400 డాలర్లు తక్కువే. ఒక్కరూ దొరక్కపోతే, బ్రోకర్ ఎంతిస్తే అంత. నేమ్‌బయో సైటులో పాత అమ్మకాలు చూడొచ్చు, కానీ ఈ మధ్యవి మాత్రమే చూడండి, 2015 చివరి రేట్లు చూసి ఆశపడకండి. పాత వెబ్‌సైట్ల పేజీలు దాచి ఉంచే వేబ్యాక్ మెషిన్ సైటులో ఆ పేరు మీద ఇదివరకు ఏం నడిచిందో కూడా చూడండి. జూదం సైటు నడిచిన పేరైతే కొనేవాడు అది పట్టుకుని రేటు తెగ్గోస్తాడు.

“కొనడానికి పార్టీ రెడీగా ఉంది, ముందు ఫలానా సైటులో డబ్బు కట్టి విలువ సర్టిఫికెట్ తెచ్చుకోండి” అని మెయిల్ వస్తే అది మోసం, జవాబు కూడా ఇవ్వొద్దు. నిజంగా కొనేవాడు సర్టిఫికెట్ అడగడు. బేరం కుదిరాక డబ్బు ఎస్క్రో (పేరు చేతులు మారేదాకా డబ్బు తన దగ్గర పెట్టుకునే మధ్యవర్తి సంస్థ) ద్వారానే తీసుకోండి, డబ్బు అక్కడ పడిందని తేలేదాకా ఆథ్ కోడ్ (పేరును బదిలీ చేసుకోవడానికి కావలసిన రహస్య కోడ్) ఎవరికీ ఇవ్వొద్దు. వేరే రిజిస్ట్రార్‌కు బదిలీ చేస్తే, ఆ తర్వాత సాధారణంగా 60 రోజుల దాకా ఇంకో రిజిస్ట్రార్‌కు మార్చుకోవడం కుదరదు. ఆ మాట కొనేవాళ్లకు ముందే చెప్పేయండి, తర్వాత గొడవ ఉండదు.