తలకు దెబ్బ తగిలాక వీడని నీరసం, తీరని దాహం

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా వారి వయసు 36. ఎనిమిది నెలల కిందట బైకు మీంచి పడి తలకు బలమైన దెబ్బ తగిలింది. ఆపరేషన్ లేకుండానే కోలుకున్నారు. అప్పటి నుంచి విపరీతంగా నీళ్లు తాగుతూ, రాత్రిళ్లు నాలుగైదుసార్లు మూత్రానికి లేస్తున్నారు. షుగర్ లేదన్నారు. ఒంట్లో సత్తువ లేదు, గడ్డం పెరగడం తగ్గింది, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి. ఎమ్మారైలో కణితి లేదు కానీ పిట్యూటరీ కాడ దెబ్బతిన్నదని రాశారు. థైరాయిడ్ తక్కువగా ఉందని మాత్రలు రాసిచ్చారు, ఇంకా మొదలుపెట్టలేదు. బంధువులేమో ఇదంతా బద్ధకమంటున్నారు. ఈ కాడ మళ్లీ బాగవుతుందా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమ్మా, ఉదయం ఎనిమిది గంటల ప్రాంతంలో తీసిన రక్తంలో రక్తపోటును నిలబెట్టే కార్టిసాల్ అనే హార్మోన్ ఎంత ఉందో తేలేవరకు థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టకండి. కార్టిసాల్ లోపించినవారికి ముందుగా థైరాయిడ్ మందు ఇస్తే, ఉన్న కాస్త కార్టిసాల్ కూడా త్వరగా ఖర్చయిపోయి, రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. నిలబడగానే కళ్లు తిరుగుతున్నాయని మీరు రాసిన మాటే నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. మాత్రలు రాసిన డాక్టరుకు ఎమ్మారై సంగతి చెప్పి, ఒకటి రెండు రోజుల్లోనే ఎండోక్రైనాలజిస్టును (హార్మోన్ల వైద్య నిపుణుణ్ణి) కలవండి.

మెదడు అడుగున ఉన్న హైపోథాలమస్‌నూ, దాని కింద శనగగింజంత ఉండే పిట్యూటరీ గ్రంథినీ కలిపేది ఈ కాడ. కొద్ది మిల్లీమీటర్ల మందమే ఉన్నా, హైపోథాలమస్ ఆదేశాలను గ్రంథి ముందు భాగానికి చేర్చే రక్తనాళాలూ, శరీరంలో నీటిని నిలిపే వాసోప్రెసిన్‌ను వెనుక భాగానికి తెచ్చే నరాల తంతువులూ దానిలోనే ఉంటాయి. తల బలంగా కుదుపుకు గురైనప్పుడు ఇవి తెగితే, ఆదేశాలందని ముందు భాగం కార్టిసాల్, థైరాయిడ్, పురుష హార్మోనైన టెస్టోస్టెరాన్‌లను నడిపించే హార్మోన్లనూ, గ్రోత్ హార్మోన్‌నూ సరిగా విడుదల చేయలేదు. మీ వారి నీరసానికీ, గడ్డం తగ్గడానికీ ఇదే కారణమై ఉండవచ్చు. దాన్ని బద్ధకమనడం అన్యాయం. పాల ఉత్పత్తికి తోడ్పడే ప్రొలాక్టిన్ హార్మోన్ ఒక్కటి మాత్రం, దాన్ని అణచి ఉంచే డోపమిన్ అనే మెదడు రసాయనం అదుపు తప్పడం వల్ల పెరుగుతుంది కనుక, రిపోర్టులో అది కొద్దిగా ఎక్కువుంటే కంగారు పడకండి. ఈ స్థితిలో, థైరాయిడ్ గ్రంథిని నడిపించే పిట్యూటరీ హార్మోనైన టీఎస్‌హెచ్ మామూలుగానే కనిపించవచ్చు, అందువల్ల రక్తంలోని థైరాయిడ్ హార్మోన్‌నే కొలిచే ఫ్రీ టీ4 కూడా తప్పక చూడాలి.

దాహం వాసోప్రెసిన్ లోపం వల్ల కావచ్చు. ఒక రోజంతా మూత్రాన్ని కొలిచి రాసుకోండి. మూడు లీటర్లు దాటితే ఆ అనుమానం బలపడుతుంది. మూత్రం తగ్గాలని నీళ్లు మాత్రం ఆపవద్దు, రక్తంలో సోడియం ప్రమాదకరంగా పెరుగుతుంది. నిర్ధారణ అయితే వాసోప్రెసిన్‌కు బదులుగా పనిచేసే డెస్మోప్రెసిన్ మాత్రగానో ముక్కులో స్ప్రేగానో ఇస్తారు. అది మొదలయ్యాక పాత అలవాటుతో అవసరానికి మించి తాగితే సోడియం పడిపోతుంది కాబట్టి దాహాన్ని బట్టే తాగాలి. కార్టిసాల్ లోపం మూత్రాన్ని కొంత అణచి ఉంచుతుంది; కార్టిసాల్‌కు బదులుగా ఇచ్చే హైడ్రోకార్టిసోన్ మొదలుపెట్టాక మూత్రం ఇంకా పెరిగితే మందు వికటించిందనుకుని మానేయకండి, డాక్టరుకు చెప్పండి.

బాగవుతుందా అని అడిగారు. మొదటి ఏడాదిలో కొందరికి కొన్ని హార్మోన్లు తిరిగి వస్తాయి, అందుకే పరీక్షలు మళ్లీ చేయించాలి. ఆ తరువాత కూడా మిగిలిన లోపాలు చాలావరకు శాశ్వతం, కానీ లోపించిన హార్మోన్‌ను మందుగా తీసుకుంటూ ఉద్యోగం, సంసారం యథావిధిగా సాగించవచ్చు. పిల్లలు కావాలనుకుంటే ఆ మాట ముందే చెప్పండి, ఎందుకంటే టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లతో వీర్యకణాలు పెరగవు. దానికి వేరే హార్మోన్ ఇంజెక్షన్లున్నాయి.

హైడ్రోకార్టిసోన్‌ను సొంతంగా ఎప్పుడూ ఆపకూడదు. జ్వరం వస్తే డాక్టరు ముందే చెప్పిన ప్రకారం మోతాదును రెండింతలో మూడింతలో చేయాలి. వాంతులతో మాత్ర నిలవకపోతే ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్లి 100 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ వేయించాలి. తాను స్పృహలో లేకపోయినా అక్కడివారికి తెలిసేలా, ఈ వివరాలు రాసిన కార్డును మీ వారి పర్సులో ఎప్పుడూ ఉంచండి.