పైథాన్ ప్రాజెక్టు ఫైళ్లను ప్యాకేజీలుగా ఎంత లోతు వరకు విడదీయాలి?

ఇరవై ఫైళ్లున్న ప్రాజెక్టును పైథాన్ స్టాండర్డ్ లైబ్రరీ (పైథాన్‌తో పాటే వచ్చే కోడ్) తరహాలో సర్దాలంటే ప్యాకేజీలో, అంటే పైథాన్ ఫైళ్లున్న ఫోల్డర్‌లో, మరో ప్యాకేజీగా ఎంత లోతుకు వెళ్లాలని మీరు అడిగారు. బయటివారికి ఒకే పేరు కనిపించాలి, దాని కింద ఒక్క వరుస ఫైళ్లు చాలు అన్నది నా అభిప్రాయం. రెండు పొరపాట్లు చేశాక గాని నేను ఈ నిర్ణయానికి రాలేదు.

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లుకు వడ్ల కొనుగోలు లెక్కల ప్రోగ్రాం రాసినప్పుడు, వానాకాలం, యాసంగి తేదీలు చూసే ఫైలుకు క్యాలెండర్.పీవై అని పేరు పెట్టాను. చాలా రోజులు ఏ ఇబ్బందీ లేదు. తూకం వివరాలను రైతుకు ఎస్సెమ్మెస్‌గా పంపడానికి ఇంటర్నెట్ ద్వారా సమాచారం పంపే రిక్వెస్ట్స్ లైబ్రరీని చేర్చిన రోజున మాత్రం, క్యాలెండర్‌లో టైమ్‌జీఎం అనే పేరు దొరకలేదంటూ ప్రోగ్రాం మొదట్లోనే ఆగిపోయింది. ఆ పేరు నేనెక్కడా వాడలేదు కనుక తప్పు రిక్వెస్ట్స్‌దేనని నమ్మి, కాంటా దగ్గర లారీలు ఆగి ఉండగా, దాన్ని తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తూ రెండు గంటలు పోగొట్టుకున్నాను. ఎర్రర్ చివర బ్రాకెట్లలో నా ఫోల్డర్ దారే రాసి ఉంది, నేనే చదవలేదు.

స్క్రిప్టును నేరుగా నడిపితే, మాడ్యూళ్లను (ఇంపోర్ట్ చేసుకునే పైథాన్ ఫైళ్లను) వెతికే వరుసలో ఆ స్క్రిప్టు ఉన్న ఫోల్డర్ స్టాండర్డ్ లైబ్రరీ కన్నా ముందుంటుంది. రిక్వెస్ట్స్ ఆధారపడే హెచ్‌టీటీపీ.కుకీజార్ మాడ్యూల్ స్టాండర్డ్ లైబ్రరీలోని క్యాలెండర్‌ను అడిగినప్పుడు దానికి దొరికింది నా యాసంగి తేదీల ఫైలు. పైథాన్ 3.10 నుంచి సిస్.స్టడ్‌లిబ్_మాడ్యూల్_నేమ్స్‌లో స్టాండర్డ్ లైబ్రరీ మాడ్యూళ్ల పేర్లన్నీ ఉంటాయి కనుక, కొత్త ఫైలుకు పేరు పెట్టే ముందు అందులో చూసుకోండి.

ఆ భయంతో అన్నిటినీ 'వడ్లు' అనే ప్యాకేజీలో పెట్టి, కొనుగోలు, దాని కింద తూకం, దాని కింద తేమ అంటూ నాలుగు అంతరువులు కట్టాను. ఇది రెండో పొరపాటు. తేమ శాతం లెక్క మూడు లైన్లు. దాన్ని తెచ్చుకునే ఇంపోర్ట్ లైను మాత్రం తెర అంచు దాటిపోయేది.

స్టాండర్డ్ లైబ్రరీలోని జేసన్ ప్యాకేజీని తెరిచి చూస్తే మంచి నమూనా దొరుకుతుంది. లోపల డీకోడర్, ఎన్‌కోడర్, స్కానర్ వేర్వేరు ఫైళ్లుగా ఉన్నా, వాడేవారికి కావలసిన పేర్లను, ప్యాకేజీని ఇంపోర్ట్ చేయగానే నడిచే __ఇనిట్__.పీవై ఫైలు బయటపెడుతుంది, జేసన్.లోడ్స్ అని రాసేవారికి లోపలి అమరిక తెలియనవసరం లేదు. పేరు ఒకసారి బయటికి వెళ్లాక మార్చడం ఎంత కష్టమో కూడా స్టాండర్డ్ లైబ్రరీయే చూపుతుంది: మ్యాపింగ్ వంటి క్లాసులను 2012లో, 3.3 వెర్షన్‌లో, కలెక్షన్స్.ఏబీసీకి తరలించినా, కలెక్షన్స్‌లోని పాత దారిని 2021లో, 3.10 వచ్చాక గాని మూయలేకపోయారు.

అందుకే ఇప్పుడు వడ్లు కింద కాంటా, సీజన్, చెల్లింపు, సందేశం అనే నాలుగు ఫైళ్లే ఉన్నాయి. మీరూ అలా సర్దుకున్నాక, లోపలి ఫైలును నేరుగా నడపకుండా, ప్యాకేజీకి బయటి ఫోల్డర్‌లో నిలబడి పైథాన్‌కు, మాడ్యూల్ పేరుతో నడిపించే -ఎం ఆప్షన్ ఇచ్చి నడపండి. నేరుగా నడిపితే వడ్లు ఫోల్డరే మళ్లీ వరుసలో ముందుకు వస్తుంది, లోపలి ఫైలు పేరు ఏదైనా స్టాండర్డ్ లైబ్రరీ పేరుతో కలిస్తే పాత క్యాలెండర్ చిక్కు తిరిగి మొదలవుతుంది.